తలెత్తి చూడదగిన విమానాలు

మోత వినగానే చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూడటం విమానమంత పాత అలవాటు. దాన్ని గాలిమోటరు అన్న తాతల కాలంలోనూ ఉంది, వెనుక సాగే తెల్లటి చారను చూసి పిల్లలు ‘రాకెట్’ అని కేకలు వేసే ఈ రోజుల్లోనూ ఉంది. కాకపోతే విమానాలు పెరిగినకొద్దీ వాటి మధ్య తేడాలు తరిగిపోయాయి. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగే ప్రయాణికుల విమానాల్లో ఎక్కువ భాగం ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 కుటుంబాలవే. రెండు రెక్కల కింద చెరొక ఇంజన్, వెనక్కి వాలిన తోక, గుండ్రటి ఒళ్లు. రంగులు చెరిపేస్తే ఏది ఏదో చెప్పడానికి అలవాటుపడిన కన్ను కావాలి.

ఈ వ్యాసం అలా కలిసిపోని వాటి గురించి. వేగం, పెద్దతనం, అందం అని రకరకాల కొలతలతో జనం ఇష్టమైన విమానాల జాబితాలు చెబుతుంటారు. వాటన్నిటికీ ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: దీన్ని ఇలా ఎందుకు కట్టారో నేల మీద నిలబడినవాడికి తెలుస్తుందా? తెలిస్తే అది ఆగి చూడవలసిన విమానం. ఆ వివరం ఒక్కోసారి రెక్క ఆకారంలో ఉంటుంది, ఒక్కోసారి ఇంజన్ గొంతులో ఉంటుంది. కింద చెప్పినవాటిలో కొన్ని ఇంకా ఎగురుతున్నాయి, కొన్ని మ్యూజియాలకు చేరాయి, ఒకటి యుద్ధంలో కాలిపోయింది.

మోత ఒక చోట, విమానం ఒక చోట

పది కిలోమీటర్ల ఎత్తున పోయే జెట్ విమానాన్ని మోత వస్తున్న చోట వెతికితే దొరకదు. అంత ఎత్తు నుంచి శబ్దం నేలకు చేరడానికి అర నిమిషం పడుతుంది. సెకనుకు 250 మీటర్ల చొప్పున పోయే విమానం ఆలోగా ఏడెనిమిది కిలోమీటర్లు ముందుకు జరిగిపోతుంది. కాబట్టి మోత నడినెత్తిన వినిపిస్తుంటే, చూపును అది సాగే దిక్కుగా దించాలి; నడినెత్తికీ దిగంతానికీ నడుమ, సగానికి కాస్త పైన విమానం ఉంటుంది. తక్కువ ఎత్తులో పోయే ప్రొపెల్లర్ విమానాలకు ఈ తేడా దాదాపు ఉండదు. చెవి చెప్పిన చోటే కన్నుకూ దొరుకుతాయి.

తెల్లటి చార కూడా సమాచారమే. ఇంజన్ నుంచి వెలువడే నీటి ఆవిరి మైనస్ 40 డిగ్రీల చలిలో మంచు రేణువులుగా గడ్డకట్టడం వల్ల అది ఏర్పడుతుంది. పైన గాలి పొడిగా ఉంటే చార వెంటనే మాయమవుతుంది, తేమగా ఉంటే గంటల తరబడి నిలిచి వెడల్పవుతుంది. చార మొదలయ్యే చోట, అంటే విమానం తోకకు కాస్త వెనుక, ఎన్ని పాయలున్నాయో లెక్కపెట్టవచ్చు. రెండు పాయలంటే రెండు ఇంజన్లు, నాలుగంటే నాలుగు. మామూలు బైనాక్యులర్స్ ఉంటే ఇది చాలా తేలిక. నాలుగు పాయలు కనిపిస్తే అది బోయింగ్ 747, ఎయిర్‌బస్ ఎ380, ఎ340 లేదా ఏదైనా భారీ సరుకు విమానం కావచ్చు. యూరప్‌కూ ఆగ్నేయాసియాకూ మధ్య తిరిగే విమానాలు చాలావరకు భారత గగనతలం మీదుగానే వెళ్తాయి కాబట్టి ఈ పరీక్ష మన ఊళ్లలో కూడా పనికొస్తుంది.

ఇంజన్ల గొంతుల్లో తేడాకు కారణం భౌతికశాస్త్రంలో ఉంది. జెట్ వెనుక నుంచి దూసుకొచ్చే వాయువు చుట్టుపక్కల గాలితో కలిసేటప్పుడు మోత పుడుతుంది. ఆ శబ్ద శక్తి వాయువు వేగపు ఎనిమిదో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు జేమ్స్ లైట్‌హిల్ 1952లో చూపించాడు. వేగం రెట్టింపైతే మోత శక్తి 256 రెట్లవుతుందన్నమాట. పాత జెట్లు సన్నటి ధారను విపరీతమైన వేగంతో వదిలేవి, అందుకే అంత గర్జన. నేటి ప్రయాణికుల విమానాలు ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి ఎక్కువ గాలిని తక్కువ వేగంతో నెడతాయి. ఇంధనం ఆదా అయింది, విమానాశ్రయాల పక్కన ఉండేవారు నిద్రపోగలుగుతున్నారు. యుద్ధ విమానాలు మాత్రం ఇప్పటికీ సన్నటి ధార మీదే ఆధారపడతాయి.

డకోటా

ఒక్క విమానాన్నే చూసే అవకాశం ఉంటే డకోటాను చూడమని చెప్పాలి. అమెరికాలోని డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-3 మొదటిసారి 1935 డిసెంబర్ 17న ఎగిరింది. రైట్ సోదరులు తొలిసారి ఎగిరి సరిగ్గా 32 ఏళ్లయిన రోజు అది. రెండో ప్రపంచ యుద్ధంలో దాని సైనిక రూపం సి-47ను వేల సంఖ్యలో తయారుచేశారు; బ్రిటిష్ వైమానిక దళం పెట్టిన డకోటా అనే పేరే మన దేశంలో నిలిచిపోయింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానాలు చవగ్గా అమ్ముడుపోవడంతో భారతదేశంలో విమాన కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. నిజాం ప్రభుత్వమూ టాటా సంస్థా కలిసి బేగంపేట నుంచి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాల కంపెనీయే. తొలి భారతీయ మహిళా వాణిజ్య పైలట్‌గా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు 1947లో ఉద్యోగమిచ్చింది ఈ సంస్థే. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

నేల మీంచి చూస్తే డకోటాకు మూడు గుర్తులు. రెక్క ముందంచు బాగా వెనక్కి వాలి ఉంటుంది, వెనుకంచు దాదాపు తిన్నగా ఉంటుంది. చక్రాలు లోపలికి ముడుచుకున్నా సగం బయటికే కనిపిస్తాయి. చక్రాలు కిందికి దిగకపోయినా పొట్ట నేలకు ఆనకుండా ఇవే ఆసరా అవుతాయి. మూడోది గొంతు. ఒక్కో ఇంజన్‌లో రెండు వరుసలుగా వృత్తాకారంలో అమర్చిన 14 సిలిండర్లుంటాయి. రెండు ఇంజన్లు కొద్దిపాటి తేడా వేగాల్లో తిరుగుతున్నప్పుడు వాటి శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడి, మోత హెచ్చుతూ తగ్గుతూ అలలుగా వస్తుంది. పైలట్ రెంటినీ సమం చేయగానే అలలు ఆగి ఒకే శ్రుతి మిగులుతుంది. ఆ సర్దుబాటు కింద నిలబడి వినవచ్చు. గంటకు దాదాపు 300 కిలోమీటర్ల నడక కాబట్టి చూడటానికి తీరిక కూడా దొరుకుతుంది.

భారతీయులకు ఈ విమానం మీద ఇంకో మమకారం ఉంది. 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ తొలి బెటాలియన్ సైనికులను శ్రీనగర్‌లో దింపినవి డకోటాలే. ఆ ఉదయం ఆ చిన్న రన్‌వే మీద అవి దిగకపోయి ఉంటే కశ్మీర్ చరిత్ర వేరేలా ఉండేది. ఆనాటి సంఖ్య వీపీ 905ను వేసుకున్న ఒక డకోటాను అప్పటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ బ్రిటన్‌లో బాగుచేయించి వైమానిక దళానికి బహూకరించారు; ఆయన తండ్రి డకోటా పైలట్. ‘పరశురామ’ అని పేరుపెట్టిన ఆ విమానం 2018లో ఐరోపా, పశ్చిమాసియా దేశాల మీదుగా ఆగుతూ ఎగురుతూ స్వయంగా భారత్ చేరింది. వైమానిక దళ వేడుకల్లో అది కనిపించినప్పుడు పక్కన ఎన్ని సుఖోయ్‌లున్నా వయసు మళ్లినవారి చూపులు దాని మీదే ఉంటాయి.

స్పిట్‌ఫైర్, లాంకాస్టర్

రెండో ప్రపంచ యుద్ధపు విమానాల్లో రెక్కను బట్టి పామరుడు కూడా పోల్చుకోగలిగేది స్పిట్‌ఫైర్. ఆర్.జె. మిచెల్ రూపొందించిన ఈ యుద్ధ విమానం 1936 మార్చి 5న సౌతాంప్టన్ దగ్గర తొలిసారి గాల్లోకి లేచింది. మరుసటి ఏడాదే మిచెల్ క్యాన్సర్‌తో మరణించాడు. తన విమానం బ్రిటన్‌ను కాపాడటం ఆయన చూడలేదు. దాని రెక్క అంచులు రెండూ వంపు తిరిగి దీర్ఘవృత్తంగా కలుస్తాయి. ఇది సోకు కోసం చేసింది కాదు. రెక్క పలచగా ఉండాలి, అయినా లోపల ఎనిమిది తుపాకులూ ముడిచిన చక్రాలూ పట్టాలి. మొదట్లో వెడల్పుగా ఉండి చివర్లో మాత్రమే త్వరగా సన్నబడే దీర్ఘవృత్తం ఆ చోటు ఇచ్చింది, పైగా గాలి లాగుడునూ తగ్గించింది.

ఇందులో 27 లీటర్ల రోల్స్-రాయిస్ మెర్లిన్ ఇంజన్ ఉంటుంది, 12 సిలిండర్లు రెండు వరుసలుగా. డకోటా గొంతు బొంగురైతే మెర్లిన్‌ది నిండైన, సూటి గొంతు. తల మీదుగా దాటిపోయేటప్పుడు పై స్థాయి నుంచి ఒక్కసారిగా కిందికి జారుతుంది.

స్పిట్‌ఫైర్ కథలో హైదరాబాద్ పేరు కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఎ విమానాలను నిజాం కానుకగా ఇచ్చాడు. దాంతో ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది. రెండో యుద్ధంలో ఇలాగే 152వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ అనే పేరు వచ్చింది. 1940లో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు ఈ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి లేచి పోరాడాయి. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది; ‘నమ్మకమైన మిత్రుడు’ అనే నినాదం బ్రిటిష్‌వారు నిజాంకు ఇచ్చిన బిరుదే. ఆ కానుకల వెనుక డబ్బు హైదరాబాద్ సంస్థానపు రైతులు కట్టిన శిస్తుల నుంచి వచ్చిందన్నది బ్రిటిష్ పుస్తకాల్లో అంతగా కనిపించని విషయం.

నాలుగు మెర్లిన్ ఇంజన్ల బాంబర్ లాంకాస్టర్‌ను 7,377 తయారుచేశారు. ఇప్పుడు ఎగరగలిగే స్థితిలో నిలిచినవి రెండే: ఒకటి ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో, ఇంకొకటి కెనడాలోని హామిల్టన్‌లో. ఒంటారియో ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి వేసవిలో రెండోది తల మీదుగా పోయే అవకాశం బాగానే ఉంది.

కాంకర్డ్, 747, ఎ380

కాంకర్డ్‌ను ఇక ఎవరూ గాలిలో చూడలేరు. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కట్టిన ఈ విమానం 1969 మార్చి 2న తులూజ్‌లో తొలిసారి ఎగిరి, 1976 జనవరి 21న ప్రయాణికులను ఎక్కించుకుంది. శబ్ద వేగానికి రెట్టింపు వేగంతో 18 కిలోమీటర్ల ఎత్తున పోయేది. ఆ వేగంలో గాలి రాపిడికి ఒళ్లు వేడెక్కి, విమానం పొడవు కొన్ని అంగుళాలు పెరిగేది. దాని రెక్క సూపర్‌సానిక్ వేగానికి సరిపడేలా సన్నటి త్రిభుజం. అలాంటి రెక్క నెమ్మదిగా దిగేటప్పుడు తగినంత ఎత్తుడు ఇవ్వాలంటే ముక్కు బాగా పైకెత్తాలి. అలా ఎత్తితే పైలట్‌కు రన్‌వే కనిపించదు. అందుకే ముక్కును కిందికి వంచే ఏర్పాటు చేశారు. దిగుతున్న కాంకర్డ్‌ను కింద నుంచి చూసినవారికి ఈ కథంతా ఒక్క చూపులో అర్థమయ్యేది. లేచేటప్పుడు నాలుగు ఒలింపస్ ఇంజన్లూ ఆఫ్టర్‌బర్నర్లు మండించేవి. లైట్‌హిల్ సూత్రానికి అంతకంటే బిగ్గరైన ఉదాహరణ ప్రయాణికుల విమానాల్లో అరుదు. 2000 జులై 25న పారిస్ దగ్గర జరిగిన ప్రమాదంలో విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. ఆ తరువాత కోలుకున్నా ఖర్చు కిట్టుబాటు కాలేదు. 2003 నవంబర్ 26న బ్రిస్టల్‌లోని ఫిల్టన్‌కు చేరిన ప్రయాణం చిట్టచివరిది.

కాంకర్డ్ కంటే మూడు వారాల ముందు, 1969 ఫిబ్రవరి 9న, బోయింగ్ 747 ఎగిరింది. దాని మూపురానికి కారణం కాంకర్డ్ లాంటి విమానాల మీద పెట్టుకున్న ఆశలే. ఇక ముందు ప్రయాణికులంతా సూపర్‌సానిక్ విమానాల్లో పోతారని ఆ రోజుల్లో నమ్మారు. అప్పుడు 747 సరుకు విమానంగా బతకాలి. సరుకు ముక్కు వైపు నుంచి ఎక్కించాలంటే పైలట్ల గది అడ్డురాకూడదు. బోయింగ్ ఇంజనీర్ జో సట్టర్ బృందం ఆ గదిని పైకి జరిపింది, దాని వెనుక మిగిలిన చోటే ఆ ప్రసిద్ధమైన పై అంతస్తు. ఊహించిన భవిష్యత్తు రాలేదు, మూపురం మాత్రం మిగిలింది. 54 ఏళ్లలో 1,574 విమానాలు తయారై, చివరిది 2023 జనవరి 31న అట్లాస్ ఎయిర్‌కు అందింది.

ఎయిర్ ఇండియా 1971లో తన తొలి 747కు ‘ఎంపరర్ అశోక’ అని పేరుపెట్టింది. ప్రతి కిటికీ చుట్టూ రాజస్థానీ ఝరోకా తోరణం చిత్రించిన ఆ విమానాలు నేల మీంచి కూడా పోల్చుకోవడానికి వీలుండేవి. బొంబాయి మీదుగా లండన్‌కో న్యూయార్క్‌కో పోయిన తొలి తరాల తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు చాలామందికి మొదటి విదేశీ ప్రయాణం వీటిలోనే. 2024 ఏప్రిల్ 22న సంస్థ చివరి 747 ముంబయి నుంచి అమెరికాకు వెళ్లిపోతూ, లేచిన వెంటనే రెక్కలను ఇటూ అటూ ఊపి సెలవు తీసుకుంది. సరుకు విమానాలుగా 747లు ఇంకా కొన్నేళ్లు కనిపిస్తాయి.

ఎ380 గురించి ఒక మాట చాలు. దాని రెక్కల వెడల్పు 79.8 మీటర్లు, అంత పెద్ద వస్తువు కదలికను కన్ను నమ్మలేక, దిగుతున్నప్పుడు అది గాలిలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. 251 విమానాలతో తయారీ 2021లో ఆగిపోయింది.

మ్రియా, బెలూగా

2016 మే నెలలో ఒక రాత్రి శంషాబాద్ రన్‌వే మీద దిగిన విమానం భారత నేలను తాకడం అదే మొదటిసారి. ప్రాగ్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు భారీ జనరేటర్‌ను మోసుకుపోతూ ఇంధనం కోసం హైదరాబాద్‌లో ఆగిన ఆంటొనొవ్ ఏఎన్-225 అది. ఉక్రెయిన్ భాషలో మ్రియా, అంటే కల. సోవియట్ అంతరిక్ష వాహనం బురాన్‌ను వీపు మీద మోయడానికి కట్టారు. వీపు మీద అంత బరువుంటే దాని వెనుక సుడిగాలులు మామూలు తోకకు తగిలి పట్టు తప్పిస్తాయి. అందుకని తోకను రెండుగా చీల్చి చివర్లకు జరిపారు. ఆరు ఇంజన్లు, 32 చక్రాలు, 88 మీటర్ల రెక్కలు. 1988 డిసెంబర్ 21న తొలిసారి ఎగిరింది. బురాన్ పథకం కూలిపోయాక ఏళ్ల తరబడి మూలనపడి, మళ్లీ బాగుపడి, ఇంకెవరూ మోయలేని బరువులను ప్రపంచమంతా తిప్పింది.

ఎగిరింది ఒక్కటే. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా దాడి మొదలైన రోజుల్లో కీవ్ పక్కన ఉన్న హోస్టొమెల్ విమానాశ్రయంలో అది ధ్వంసమైంది. ఈ వ్యాసంలో చెప్పిన విమానాల్లో అన్నిటికంటే ఎక్కువ దుఃఖం మిగిల్చింది ఇదే. ఇప్పుడు ఎగరని మిగిలినవి ముసలివై రిటైర్ అయ్యాయి, దీన్ని చంపేశారు. ఆ రాత్రి శంషాబాద్‌లో దాన్ని చూసినవారు అరుదైన అదృష్టవంతులు. దానికి అన్న వరసయ్యే నాలుగు ఇంజన్ల ఏఎన్-124 ఇంకా ఎగురుతోంది.

2022 డిసెంబర్‌లో శంషాబాద్‌కు ఇంకో అపురూపమైన అతిథి వచ్చింది: ఎయిర్‌బస్ బెలూగా. ఐరోపాలోని వేర్వేరు ఫ్యాక్టరీల్లో తయారైన రెక్కలను, ఒళ్లు ముక్కలను ఒక చోటికి చేర్చడానికి ఎ300 విమానం మీద పెద్ద కప్పు కట్టి దీన్ని రూపొందించారు. ఎగిరే తిమింగలమని అందరూ నవ్వుకుంటారు, పేరు కూడా తిమింగలానిదే. 747లో పైలట్ల గదిని పైకి జరిపారని చెప్పుకున్నాం. ఇందులో అదే ఇబ్బందికి మందుగా గదిని కిందికి దించారు. తరువాతి తరం బెలూగా ఎక్స్‌ఎల్ ముక్కు మీద కళ్లు, నవ్వుతున్న నోరు చిత్రించారు.

సైనిక విమానాలు

విశాఖపట్నం ఆర్కే బీచ్ రోడ్డు మీద, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా, వెండి రంగు టీయూ-142 నిలబడి ఉంది. దాని రెక్క కింద నిలబడి ఇంజన్ వైపు చూస్తే ఒకే ఇరుసు మీద ఒకదాని వెనుక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు కనిపిస్తాయి. ముందుది ఒకవైపు తిరిగితే వెనుకది ఎదురువైపు తిరుగుతుంది. ముందు ప్రొపెల్లర్ మెలితిప్పిన గాలిని వెనుకది సరిచేసి ఆ శక్తిని కూడా తోపుడుగా మారుస్తుంది. ఒక్కో ఇంజన్ బలం దాదాపు 15 వేల అశ్వశక్తి. ప్రొపెల్లర్ విమానమై ఉండి కూడా దీని రెక్కలు జెట్ రెక్కల్లా వెనక్కి వాలి ఉండటానికి అదే కారణం. ఆకుల కొసలు శబ్ద వేగాన్ని అందుకోవడంతో ప్రపంచంలోని అతి పెద్ద మోతల విమానాల్లో ఒకటైంది. 1988 నుంచి 2017 మార్చి 29 వరకు నావికాదళంలో పనిచేసింది, చివరి కాలమంతా తమిళనాడులోని అరక్కోణం స్థావరం నుంచి. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాములను వెతకడం దాని పని. ఇప్పుడు ఆ పని చేస్తున్న పి-8ఐ బోయింగ్ 737 ఆధారంగా తయారైనది. మంచి విమానమే, కానీ తల మీదుగా పోతే ప్రయాణికుల విమానమనుకుంటారు.

బ్రిటన్ బాంబర్ వల్కన్ అభిమానులది వేరే లోకం. పెద్ద త్రిభుజపు రెక్క, రెక్కలోనే పూడ్చిన నాలుగు ఒలింపస్ ఇంజన్లు. కాంకర్డ్ ఇంజన్లకు ఇవే పూర్వరూపం. ఇంజన్ బలం ఒక స్థాయికి చేరగానే గాలి లోపలికి దూరే నోళ్ల నుంచి ఊళ వేసినట్టు ఒక శబ్దం వచ్చేది. ప్రజల విరాళాలతో బతికించిన చివరి వల్కన్ 2015 అక్టోబర్‌లో ఆఖరిసారి దిగింది. శబ్ద వేగానికి మూడు రెట్లు మించి పోయిన అమెరికా గూఢచారి విమానం ఎస్‌ఆర్-71ను జనం గొప్పగా చెప్పుకుంటారు గాని, పాతిక కిలోమీటర్ల ఎత్తున పోయేదాన్ని కింద నుంచి చూసినవారెవరు?

మన వైమానిక దళంలో మిగ్-21ది 1963 నుంచి 2025 సెప్టెంబర్ 26 వరకు సాగిన సుదీర్ఘ సేవ. ఒక ఇంజన్ గొట్టానికి చిన్న త్రిభుజపు రెక్కలు తగిలించినట్టుండే దాని రూపం, సన్నటి ధారతో వచ్చే చీల్చే మోత మూడు తరాల భారతీయులకు పరిచయం. ప్రమాదాల్లో ఎందరో పైలట్లను కోల్పోయిన చేదు కూడా ఆ పేరుతో ముడిపడే ఉంది. చండీగఢ్‌లో వీడ్కోలు పలికాక ఆ స్థానాన్ని నింపవలసిన బాధ్యత తేజస్ మీద పడింది. 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన తేజస్‌కు వెనుక అడ్డతోక ఉండదు, నిలువు తోక ఒక్కటే. కింద నుంచి గుర్తుపట్టడానికి అది తోడ్పడుతుంది.

రవాణా విమానాల్లో ఏఎన్-32ను ఇంజన్ల వల్ల పోల్చుకోవచ్చు. పెద్ద ప్రొపెల్లర్లకు చోటు దొరకడానికీ కచ్చా రన్‌వేల మీద దుమ్మూ రాళ్లూ పీల్చకుండా ఉండటానికీ వాటిని రెక్క మీదికి ఎత్తి పెట్టారు. 2024 మార్చిలో బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర 16వ నంబర్ జాతీయ రహదారి మీద కట్టిన అత్యవసర రన్‌వేను వైమానిక దళం పరీక్షించినప్పుడు ఏఎన్-32 ఆ రోడ్డు మీద దిగింది, సుఖోయ్‌లు దాదాపు రోడ్డును తాకేంత కిందికి వచ్చి లేచిపోయాయి. లారీలు పోయే రోడ్డు మీద విమానం దిగడం చూసిన ఆ చుట్టుపక్కల ఊళ్లవారికి ఈ వ్యాసంతో పనిలేదు. సి-130జె సూపర్ హెర్క్యులస్ కనిపిస్తే దాని తోకను ప్రత్యేకంగా చూడండి. హైదరాబాద్ శివార్లలోని ఆదిబట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్‌ల ఉమ్మడి ఫ్యాక్టరీ ఈ విమానాల తోక భాగాలను తయారుచేస్తోంది.

హెలికాప్టర్‌ను విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు మేడల మీద నిలబడిన జనం పైకి చూసింది ఆహార పొట్లాలు జారవిడిచిన నావికాదళ, వైమానిక దళ హెలికాప్టర్ల కోసమే. ఏ విమాన ప్రదర్శనలోనూ అంత ఆత్రంగా ఎవరూ ఎదురుచూడరు.

జట్టు విన్యాసాలు

వైమానిక దళపు సూర్యకిరణ్ జట్టు 1996లో బీదర్‌లో పుట్టింది. అప్పట్లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన కిరణ్ విమానాలు వాడేవారు. 2011లో శిక్షణ విమానాల కొరత వల్ల జట్టు ఆగిపోయి, తరువాత హాక్ విమానాలతో మళ్లీ లేచింది. తొమ్మిది విమానాలు రెక్క అంచుల మధ్య ఐదు మీటర్ల ఎడంతో గంటకు వందల కిలోమీటర్ల వేగంలో తిరుగుతాయి. ముందున్న నాయకుడు తప్ప మిగిలినవారు ఎదర చూడరు. పక్క విమానం మీద నిర్ణయించుకున్న ఒక గుర్తును కంటితో పట్టుకుని దాన్నిబట్టే నడుపుతారు. వేడి ఇంజన్ వాయువులోకి డీజిల్ చిమ్మితే తెల్లటి పొగ వస్తుంది, రంగు కలిపితే రంగు పొగ. 2024 డిసెంబర్ 8న హుస్సేన్‌సాగర్ మీద ఈ జట్టు ప్రదర్శన ఇచ్చినప్పుడు ట్యాంక్‌బండ్ కిక్కిరిసిపోయింది. ధ్రువ్ హెలికాప్టర్లతో విన్యాసాలు చేసే సారంగ్ జట్టు వేగంలో తక్కువ, దగ్గరతనంలో ఎక్కువ. చిన్న మైదానాల్లో చూడటానికి నిజానికి అదే మేలు.

చూడాలనుకునేవారికి

హైదరాబాద్ పరిసరాల్లో దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి లేచే పిలటస్ పీసీ-7 శిక్షణ విమానాలు రోజూ కనిపిస్తాయి. ఒక ప్రొపెల్లర్, ఒళ్లు కింది భాగాన రెక్క, పదేపదే అదే చుట్టు తిరగడం. కొత్త పైలట్ ల్యాండింగ్ నేర్చుకుంటున్నాడని అర్థం. అకాడమీ స్నాతకోత్సవ కవాతు ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఆ రోజుల్లో ఉత్తర శివార్ల మీద విన్యాసాలూ ఉంటాయి. రెండేళ్లకోసారి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు కొత్త విమానాలు వస్తాయి. 2024 జనవరిలో రెక్కల కొసలు మడిచే బోయింగ్ 777-9 అక్కడికే వచ్చింది. విశాఖలో నావికాదళ ప్రదర్శన జరిగే ఏళ్లలో అంతకుముందు రోజుల రిహార్సల్స్‌కు వెళ్లడం తెలివైన పని. అవే విమానాలు, రద్దీ తక్కువ.

విమానాల సమాచారం చూపే ఫోన్ యాప్‌లు వాటి నుంచి వెలువడే రేడియో సంకేతాల ఆధారంగా పనిచేస్తాయి కాబట్టి ప్రయాణికుల విమానాలు దాదాపు అన్నీ వాటిలో దొరుకుతాయి, సైనిక విమానాలు చాలావరకు దొరకవు. బైనాక్యులర్స్ కొనేవారు 8 రెట్లు పెద్దదిగా చూపేది తీసుకుంటే చాలు. అంతకు మించితే చేతి వణుకు ఎక్కువవుతుంది. సూర్యుడి దిక్కున మాత్రం ఎత్తవద్దు. రక్షణ స్థావరాల దగ్గర ఫోటోలు తీయడం నేరం. విమానాశ్రయాల చుట్టుపక్కల డ్రోన్లు ఎగరేయవద్దు, లేజర్ లైట్లు పైకి వేయవద్దు. చెత్తనూ మాంసం వ్యర్థాలనూ అక్కడ పారేస్తే గద్దలు మూగుతాయి. ఇంజన్‌లో ఒక్క గద్ద పడితే లేస్తున్న విమానానికి ప్రాణాపాయం కావచ్చు. విమానాన్ని ఇష్టపడేవారు తమ కాలనీలో ఈ సంగతి నలుగురికీ చెప్పండి.